ప్రార్థనలో పెట్టిన డొమైన్

పులావుకి ఉల్లిపాయలు పలుచగా, నిలువుగా తరగాలి. అడ్డంగా తరిగితే మా అత్తగారు జ్ఞానసుందరి గారు ఏమీ అనరు. గిన్నె మీద మూత తీసి చూసి, మళ్లీ పెట్టేస్తారు. అనాల్సిందంతా ఆ మూత చప్పుడులోనే ఉంటుంది. అందుకని శనివారం పొద్దున్నించీ నిలువుగానే తరుగుతున్నాను, కళ్లు మోచేతితో తుడుచుకుంటూ, మధ్యమధ్య చికెన్ ముక్కలకి పెరుగూ కారం పట్టిస్తూ. రేపు మిస్సిసాగాలో మా తెలుగు ఫెలోషిప్‌కి ప్రేమవిందు మా ఇంటి తరఫున. మాకు కెనడాలో స్థిరంగా ఉండిపోవడానికి పీఆర్ కార్డులు వచ్చాయి. వచ్చినందుకు అందరి ముందు లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పేది మా ఆయన ఇమ్మాన్యుయేల్. వండేది నేను.

అత్తగారు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ అడిగారు.

"గ్వెల్ఫ్ సంగతి ప్రార్థనలో పెట్టావా జెస్లీ?"

"పెట్టానత్తయ్యా."

"తొందరపడమాక. ఆయన చిత్తమైతే అదే జరుగుద్ది. కాదనుకో, ఆ తలుపు ఆయనే మూసేస్తాడు."

సోమవారం లోపల జవాబు చెప్పకపోతే ఆ తలుపు దానంతటదే మూసుకుపోతుంది, దేవుడిదాకా వెళ్లక్కర్లేదు. గ్వెల్ఫ్ యూనివర్సిటీలో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ సెప్టెంబర్ నుంచి తన ల్యాబ్‌లో రీసెర్చ్ చేయడానికి నన్ను తీసుకుంటానంది. ఆవిడ త్వరలో రిటైరవుతోంది. 'నేను తీసుకునే ఆఖరి స్టూడెంట్ నువ్వే. నువ్వు రానంటే ఇంకెవరినీ చూడను, ల్యాబ్ సర్దేస్తాను' అని మెయిల్ రాసింది. ఆ మెయిల్‌ని మా ఇంట్లో ప్రార్థనలో పెట్టారు.

విశ్వాసుల ఇళ్లలో పెరగనివాళ్లకి ఈ మాట బరువు తెలియదు. మా వాళ్లకి ఎవరినైనా మొహం మీద కాదనడం ప్రేమ లేనితనం. సరే అనేస్తే ఆ తరవాత ఆ పని జరగనివ్వాలి. ఈ రెండిటికీ మధ్యన 'ప్రార్థనలో పెడదాం' అనే మాట ఉంది. ఫ్రీజర్‌లో పెట్టిన చేపకి మల్లే అందులో పెట్టినది పాడవదు, అలాగని ఎవరూ తినరు. నాకు ప్రార్థన మీద కోపం లేదు. నేను నిజంగానే మోకరిస్తాను, నిజంగానే ఏడుస్తాను, ఒక్కోసారి ఏడ్చి లేచాక తేలికగా కూడా ఉంటుంది. నా బాధంతా వేరే. మా ఆయన విషయాలు ఎప్పుడూ ఆ ఫ్రీజర్‌లోకి వెళ్లవు. ఫార్మా కంపెనీలో ఉద్యోగానికి సంతకం పెట్టి వచ్చి, మిఠాయి డబ్బా టేబుల్ మీద పెట్టి, "దేవుడు ఉద్యోగం ఇచ్చాడు జెస్సీ, మోకరిద్దాం రా" అన్నారు. కారు కొన్నాక తాళాలు చేతిలో పట్టుకుని మోకరించాం. వాళ్లమ్మగారు మా దగ్గరుండటానికి సూపర్ వీసా అప్లై చేసేశాక నాకు చెప్పారు, దానికీ మోకరించాం. ఆయనవన్నీ తిన్నగా కృతజ్ఞతల్లోకి వెళ్లిపోతాయి. నావన్నీ అవసరతల్లో, అంటే దేవుణ్ణి ఇంకా అడుగుతున్నవాటిలో, ఉండిపోతాయి. ఫెలోషిప్‌లో ఆడవాళ్లందరివీ దాదాపు అంతే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

ఇంతకీ నేను చదివిందేమిటో చెప్పాలి. చెప్పమని ఎవరూ అడగరు కాబట్టి దొరికినచోట చెప్పేసుకోవడమే. ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. కోబాల్టునీ ప్లాటినాన్నీ ఒకదాని మీద ఒకటిగా, వెంట్రుకని వేల చీలికలు చేస్తే ఎంతుంటుందో అంత పలుచని పొరలుగా పరిచేవాళ్లం. థిన్ ఫిల్మ్ అంటారు. మామూలు కంటికి అది గోరంత అద్దం ముక్క, మన మొహం తప్ప అందులో ఏమీ కనబడదు. దాన్నే ప్రత్యేకమైన వెలుతురులో మైక్రోస్కోప్ కింద పెడితే లోపల నల్లచారలూ తెల్లచారలూ మెలికలు తిరుగుతూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఒక్కో పరమాణువూ ఒక బుల్లి అయస్కాంతం కదా. తెల్లచారలో ఉన్నవన్నీ తల పైకి పెట్టుకుంటే, నల్లచారలో ఉన్నవన్నీ కిందికి పెట్టుకుంటాయి. ఆ చారల్నే డొమైన్లు అంటారు.

మొదటిసారి చూసినప్పుడు నాకు మెలికల ముగ్గు గుర్తొచ్చింది. నరసాపురంలో మా వీధిలో అన్ని వాకిళ్లలోనూ ముగ్గులుండేవి, మా వాకిట్లో ఉండేది కాదు. విశ్వాసుల పిల్లలు ముగ్గు ముట్టుకోకూడదనేది అమ్మ. బడికి వెళ్తూ పక్కిళ్ల ముగ్గులు తొక్కకుండా దాటుకుంటూ, గీత ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో కళ్లతో వెతుక్కుంటూ నడిచేదాన్ని. మైక్రోస్కోప్ కింద ఉన్న ముగ్గు ఎవరూ వేయలేదు. దాన్ని చూడొద్దని నాకెవరూ చెప్పలేరు. ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు. మా గైడ్ చంద్రకళ మేడమ్ వచ్చి, "అది రేపూ ఉంటుంది, ముందు తిని రా" అని భుజం తట్టింది.

అయస్కాంత క్షేత్రం పెంచుతూ పోతే తెల్లచారలు లావెక్కుతాయి, నల్లవి సన్నబడి, తెగి, చుక్కలై మాయమవుతాయి. ఆఖరికి ఫిల్మ్ అంతా ఒకటే తెలుపు. చూడ్డానికి వచ్చినవాళ్లు అక్కడ 'ఆహా' అనేవాళ్లు. నాకు ఆ తరవాతది ఇష్టం. క్షేత్రాన్ని మెల్లగా తగ్గిస్తుంటే ఆ తెలుపులో ఎక్కడో ఒకచోట నల్లచుక్క మొలుస్తుంది. మొలవడమే ఆలస్యం, కొమ్మలు వేసుకుంటూ పాకిపోతుంది. ఆ మొదటి చుక్క ఎక్కడ మొలుస్తుంది? అదే నా ప్రశ్న. తెల్లగా చేసి, మళ్లీ తగ్గించి, మళ్లీ తెల్లగా చేసి చూస్తూనే ఉన్నాను. చారలు ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రావు, మొలిచే చోట్లు మాత్రం అవే. పొరలో ఎక్కడ ఏ చిన్న లోపముందో అక్కడే. సెమినార్‌కి ముందు మేడమ్ నా స్లైడ్లు చూసి, "లోపం అనకు జెస్లిన్. అక్కడ గుణం వేరు, అంతే అను" అంది. ఆ ఒక్క మాటా మార్చి చెప్పాను. అది నా పేరుతో అచ్చయిన ఒకే ఒక్క పేపర్.

పెళ్లిచూపుల్లో మా అత్తగారు "అమ్మాయి ఏం చేస్తందండీ?" అని అడిగితే నాన్న గర్వంగా, "ఫిల్మ్స్ మీద చేస్తోందండీ, హైదరాబాద్‌లో" అన్నారు. అత్తగారు టీ కప్పు కింద పెట్టేశారు. "మా ఇంట్లో సినిమాలు చూడమండీ," అన్నారు, లేవడానికి సిద్ధపడుతూ. ఆ ఫిల్మ్స్ వేరు, ఇవి అయస్కాంతాలు అని నాన్న కంగారుకంగారుగా చెప్పేసరికి అందరూ నవ్వేశారు, నేనూ నవ్వాను, ఆ నవ్వుల్లోనే సంబంధం కుదిరిపోయింది. తరవాత మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు ఇమ్మాన్యుయేల్, "ఇంతకీ ఆ ఫిల్మ్‌లో ఏం కనబడతాయి?" అని అడిగారు. చెప్పాను. చీకటి పడేదాకా విన్నారు. ఆ ఒక్క ప్రశ్నకే ఒప్పేసుకున్నాను. ఆయన అప్పుడు నిజంగానే అడిగారని ఇప్పటికీ నమ్ముతాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు, అంతే.

పెళ్లైన కొత్తలోనే ఈ గ్వెల్ఫ్ ప్రొఫెసర్ నా పేపర్ చూసి మాస్టర్స్‌కి రమ్మంది. అవును, అప్పుడే. మా ఆయనకీ కెనడా మీద మనసుంది. ఐఈఎల్టీఎస్ ఇంగ్లిష్ పరీక్షలో ఆయనకి రాని స్కోరు నాకు వచ్చింది. ఇంటిల్లిపాదీ ప్రార్థనలో పెట్టాం. జవాబు వచ్చింది. చెప్పింది మాత్రం విజయవాడ వీసా కన్సల్టెన్సీలో టై కట్టుకున్న అబ్బాయి. "రీసెర్చ్ అంటే ఎప్పుడవుద్దో తెలీదు మేడమ్. కాలేజీలో సప్లై చెయిన్ తీసుకోండి. రెండేళ్లు చదూతారు, తర్వాత వర్క్ పర్మిట్టు, సార్‌కి ముందునుంచే ఓపెన్ వర్క్ పర్మిట్టు, ఎక్కడైనా పని చేసుకోవచ్చు. ఇప్పుడందరూ అదే కొడతన్నారు." మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "ముందు అక్కడ పడదాం జెస్సీ. పడ్డాక గ్వెల్ఫ్ ఎక్కడికి పోతుంది?" మాస్టర్స్‌కి వెళ్లినా అవే పర్మిట్లు వచ్చేవని నాకు తరవాతెప్పుడో తెలిసింది. ఆ పూట నేను తలూపాను. ఏ విమానం చూసినా మాలాంటి స్టూడెంట్లే నిండిన రోజులవి, ఆగితే వెనకబడిపోతామన్న భయం అందరికీ ఉండేది. గ్వెల్ఫ్ ఎక్కడికీ పోలేదు. నేనే పోయాను.

కాగితం మీద నేను స్టూడెంట్‌ని, ఆయన నా డిపెండెంట్. ఇంట్లోకి వచ్చేసరికి ఆ కాగితం తిరగబడేది. పొద్దున కాలేజీ, సాయంత్రం ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో షిఫ్టు, వచ్చాక వంట. మేముండే ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఇద్దరు స్టూడెంట్లకి కూడా నేనే క్యారేజీ కట్టేదాన్ని. "ఎలాగూ మనకి వండుతావు కదా, పాపం చిన్నపిల్లలు," అన్నారు మా ఆయన. నేనూ వాళ్లతో సమానంగా ఆ దేశంలో అసైన్‌మెంట్లు రాస్తున్న స్టూడెంట్‌నేనని ఆయనకి గుర్తు రాలేదు. ఆయన కసిరేవారు కాదు, తిట్టేవారు కాదు. గిన్నెలు కడిగినరోజు "ఇవాళ నీకు హెల్ప్ చేశాను చూడు" అనేవారు. నా గిన్నెలు కడిగినట్టు.

ఫెలోషిప్‌కి వెళ్లిన మొదటి ఆదివారం సంఘపెద్ద ప్రేమానందం గారు పలకరించారు. మార్కమ్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరాయన, ఎంతోమందికి ఉద్యోగాలు చూపించిన మంచి మనిషి. "వందనాలమ్మా. నీది ఏ డొమైన్?" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. కెనడాలో దిగాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. "మాగ్నెటిక్ డొమైన్స్ అంకుల్, థిన్ ఫిల్మ్స్‌లో" అన్నాను గబగబా. ఆయన తల పంకించారు. "ఫిల్మ్స్ అంటే మీడియా డొమైనా? మీడియాలో ఓపెనింగ్స్ తక్కువమ్మా. బ్యాంకింగ్‌కి మారిపో, రెజ్యూమే నేను చూసి పెడతా." మా ఆయన పగలబడి నవ్వారు. "సరిగ్గా చెప్పారంకుల్. మా ఆవిడ మీడియా మనిషే" అన్నారు. అప్పట్నుంచీ అది మా ఇంటి జోకు. ఎవరైనా భోజనానికి వస్తే పప్పు వడ్డిస్తున్న నన్ను చూపించి "మీడియా వారు వడ్డిస్తున్నారు" అంటారు. అందరూ నవ్వుతారు. నేను నవ్వడం ఎప్పుడు మానేశానో ఎవరూ గమనించలేదు. నవ్వుతున్నట్టు మొహం పెట్టడం నాకంత బాగా వచ్చేసింది.

ఈ చలికాలంలో, పీఆర్ వస్తుందని తెలిశాక, ప్రొఫెసర్‌కి నేనే మళ్లీ రాశాను. పేరు గుర్తుండదనుకున్నాను. ఆవిడకి నా పేరు కాదు, ఆ నల్లచుక్కలు గుర్తున్నాయి. ఒకసారి వచ్చి చూసి వెళ్లమంది. కోర్సయ్యాక ఆ వేర్‌హౌస్ ఆఫీసులోనే ఉద్యోగంలో చేరాను. దానికి సెలవు పెట్టి, ఇంట్లో చెప్పకుండా గ్వెల్ఫ్ బస్సెక్కాను. ల్యాబ్‌లో ఆవిడ కుర్చీ నాకిచ్చి, నాబ్ తిప్పమంది. స్క్రీన్ మీద చారలు కదిలాయి. నా వేళ్లకి అంతా గుర్తుంది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో. మేం రోజుల తరబడి కళ్లతో వెతికిన చోట్లని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చిటికెలో గుర్తుపట్టేస్తోంది. అది పరవాలేదు, నేర్చుకుంటాను. ఆవిడ ఫిల్మ్ గురించి మామూలుగా ఒక ప్రశ్న అడిగింది. తెల్లబడ్డ ఫిల్మ్‌ని మళ్లీ నలుపూ తెలుపూ సమానమయ్యేదాకా తేవాలంటే ఎంత ఎదురుబలం పెట్టాలో, ఆ బలానికి ఒక పేరుంది. ఆ పేరు నోటికి రాలేదు. రోజూ కలవరించిన మాట. వేర్‌హౌస్‌లో ఏ ర్యాక్‌లో ఏ డబ్బా నంబరో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈ మాట మాత్రం నాలుక చివరిదాకా కూడా రాలేదు. ఆవిడ అందివ్వలేదు, కిటికీ వైపు తిరిగి ఆగింది. ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది. తిరుగుబస్సులో గుర్తొచ్చింది, కొయెర్సివిటీ. పక్క సీటులో అమ్మాయి ఇయర్‌ఫోన్ తీసి చూసింది. పైకే అనేశానన్నమాట.

మెయిల్ వచ్చినరోజు మా ఆయనకి చూపించాను. రెండుసార్లు చదివారు. "గ్రేట్ జెస్సీ," అన్నారు, మనస్ఫూర్తిగానే. తరవాత ఫోన్ టేబుల్ మీద బోర్లించారు.

"ఇల్లు చూస్తున్నాం కదా. ఇద్దరి జీతాలూ చూపిస్తేనే లోన్ వస్తుంది. స్టైపెండ్‌ని బ్యాంకు వాళ్లు లెక్కలోకి తీసుకోరు. అమ్మ వచ్చిందే మనకి పిల్లలు పుడితే చూసుకుందామని. రోజూ గ్వెల్ఫ్ అంటే, మంచులో, 401 హైవే మీద..."

"అయితే వద్దంటారా?"

"నేనెప్పుడైనా నిన్ను వద్దన్నానా?" ఆయన మొహం చిన్నబోయింది. "చెప్పు జెస్సీ, ఒక్కసారైనా అన్నానా? ప్రార్థనలో పెడదాం అంటున్నాను, అంతే."

నిజమే, అనలేదు. ఆయన నన్ను ఒక్కసారైనా వద్దని ఉంటే ఎంత బాగుండేది. దెబ్బలాడేదాన్ని. గెలిచేదాన్నో ఓడేదాన్నో, ఏదో ఒకటి తేలేది. మెత్తటి మనిషితో కాపురంలో గోడ ఎక్కడుందో తెలియదు. తల తగలదు, అలాగని అవతలికీ వెళ్లలేం.

శనివారం ఉల్లిపాయలు వేగుతున్నాయి. అత్తగారు ఒలిచిన వెల్లుల్లి నా ముందు పెట్టి, నా మొహం చూసి, జాలిపడ్డట్టున్నారు. ఆవిడ నరసాపురం దగ్గర మిషన్ ఆస్పత్రిలో ముప్పైఏళ్లు నర్సుగా చేశారు. ఇంజక్షన్ చేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని ఇప్పటికీ పేరు.

"నీకే అనుకున్నావా?" అన్నారు. "నన్ను వెల్లూరు పంపుతామన్నారు తెలుసా, ట్యూటర్ కోర్సుకి. మా డాక్టరమ్మే రాసింది నా పేరు. నర్సులకి పాఠాలు చెప్పే ఉద్యోగం అది. మీ మావయ్యగారు ప్రార్థనలో పెడదామన్నారు. పెట్టాం."

నేను గరిటె ఆపాను. "జవాబొచ్చిందా అత్తయ్యా?"

"రాకేం. ఇమ్మాను కడుపున పడ్డాడు. అదే జవాబు." నవ్వారు. "ఏం పోయింది ఇప్పుడు? చల్లగా ఉన్నాను."

"ఆ సీటుకి ఎవరెళ్లారు?"

ఆవిడ వెల్లుల్లి పొట్టు అరచేత్తో టేబుల్ మీద ఒక కుప్పగా చేర్చారు, ఆ కుప్పని మళ్లీ చదును చేశారు. "కనకదుర్గ అని, నా జూనియరు," అన్నారు. "తర్వాత ప్రిన్సిపాలయ్యింది. నా అంత చెయ్యి తిరిగింది కాదు." లేచి పొట్టు చెత్తబుట్టలో పడేసి, మాడుతున్నాయి చూడమని నాకు చెప్పి హాల్లోకి వెళ్లిపోయారు. ఉల్లిపాయలు మాడలేదు. ఇంకా ఎర్రబడనే లేదు. నేను పొయ్యి దగ్గర నిలబడి, ఇన్నేళ్ల తరవాత కూడా ఒక పెద్దావిడకి ఆ జూనియరు పేరు తడుముకోకుండా వచ్చిందే అని ఆలోచిస్తున్నాను. నాకూ ఇలాంటిదొక రోజు వస్తుంది. ఏ కోడలికో వెల్లుల్లి ఒలిచిపెడుతూ, ఏం పోయింది, చల్లగా ఉన్నాను అంటాను. అప్పటికి కొయెర్సివిటీ అన్న మాట బస్సులో కూడా గుర్తు రాదు.

ఆదివారం ఫెలోషిప్‌కి అద్దెకు తీసుకున్న చర్చి బేస్‌మెంట్ హాలు నిండిపోయింది. కొత్తగా వచ్చిన స్టూడెంట్లు వెనక బారులు తీరి నిలబడ్డారు. పాటలయ్యాక ప్రేమానందం గారు మైకు తీసుకుని, ముందు కృతజ్ఞతలు, తరవాత అవసరతలు అన్నారు. ఎప్పుడూ అదే వరస. మా ఆయన లేచారు. ఇస్త్రీ చొక్కాలో బాగున్నారు. ఆ ఇస్త్రీ నాదే.

"దేవుడు నన్ను ఈ దేశానికి ఒట్టి చేతులతో తీసుకొచ్చాడు. ఉద్యోగం ఇచ్చాడు, కారు ఇచ్చాడు, మా అమ్మని తీసుకొచ్చాడు, ఇప్పుడు పీఆర్ ఇచ్చాడు. ఈ ప్రయాణంలో నా భార్య కూడా ఎంతో సహకరించింది. సమస్త మహిమ దేవునికే."

"స్తోత్రం!" అంది హాలంతా. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను చూసి చిరునవ్వు నవ్వింది, నీ సహకారం బాగుందన్నట్టు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆయనకి ఆ ప్రయాణం అలాగే జరిగింది. నేను చదివిన కాలేజీ, నేను రాసిన పరీక్ష, నా పేరు మీద నడిచిన ఫైలు, అన్నీ కలిసి ఆయన సాక్ష్యంలో ఒక్క మాట. ఇన్నాళ్లూ నేను కూడా దాన్ని అలాగే చెప్పుకున్నాను కదా, ఆయన్ని ఏమని అనను?

"ఇంకెవరైనా కృతజ్ఞత చెప్పేవాళ్లున్నారా?" ప్రేమానందం గారు హాలు కలయజూశారు. "లేకపోతే అవసరతల్లోకి వెళ్లిపోదాం."

లేచి నిలబడ్డాను. 

"నీది అవసరత కదమ్మా జెస్లిన్? జ్ఞానసుందరమ్మ గారు పొద్దున్నే చెప్పారు, నీకు సరైన మార్గం కోసం ప్రార్థించమని. కాస్త ఆగు, నీకే మొదటి అవకాశం ఇస్తా."

"కాదంకుల్," అన్నాను. "కృతజ్ఞతే."

మైకు నా చేతికి వచ్చింది. అత్తగారు తలెత్తి చూశారు. మా ఆయన పక్కన కుర్చీలో ప్రోత్సహిస్తున్నట్టు తలూపారు, పీఆర్ గురించి నేనూ రెండు మాటలు చెబుతాననుకుని.

"నేను ఫిజిక్స్ చదువుకున్నాను. అయస్కాంతాల మీద పని చేసేదాన్ని. సినిమాల మీద కాదు." వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "గ్వెల్ఫ్ యూనివర్సిటీలో నాకు సీటు వచ్చింది. ఒప్పుకున్నాను. సెప్టెంబర్‌లో చేరుతున్నాను. ఇచ్చిన దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అంది హాలు. కృతజ్ఞత వినబడితే స్తోత్రం అనడం మా వాళ్లకి ఊపిరి తీసినంత అలవాటు, ఎవరూ ఆగి ఆలోచించరు. ఆ గొంతుల్లో నా పక్కనుంచి మా ఆయన గొంతు కూడా వినబడింది. "ఆమెన్" అనేసి, ఆ తరవాత నావైపు తిరిగారు. వెనక నిలబడ్డ స్టూడెంట్ అమ్మాయిలు చప్పట్లు మొదలుపెట్టారు. ప్రేమానందం గారు మైకు తీసుకుంటూ, "ఎంత సంతోషమమ్మా! పీఆర్ వారమే సీటు కూడా," అన్నారు, ఆయన కూడా మనస్ఫూర్తిగానే. అత్తగారు మాత్రం కళ్లు మూసుకుని కూర్చున్నారు. ప్రార్థిస్తున్నారో, ఇంకేమైనా లెక్క చూసుకుంటున్నారో నాకు తెలియలేదు.

అవసరతలు మొదలయ్యాక వంటగదిలోకి వెళ్లాను. చేతులు కడుక్కుని ఫోన్ తీసి, వస్తున్నాను అని ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టాను. పెరుగుపచ్చడిలో ఉప్పు వేసేలోపు అయిపోయింది. ఇంత చిన్న పనా, ఇన్నేళ్లు పట్టింది దీనికా అనిపించింది. సంతోషం రావాల్సిన చోట దుఃఖం వచ్చింది. చంద్రకళ మేడమ్ పోయిన ఏడాది పోయింది, ఆవిడకి చెప్పుకోవడానికి లేదు. ఆ ల్యాబ్‌లో నాకంటే ఎంతో చిన్నవాళ్లు నాకు సాఫ్ట్‌వేర్ నేర్పిస్తారు. ఇల్లు ఆలస్యమవుతుంది, ఆ మాట నాకు ఏళ్ల తరబడి వినబడుతూనే ఉంటుంది. పిల్లల సంగతి ఏమవుతుందో నాకూ తెలియదు. అవన్నీ నిజమే. అయినా మెయిల్ వెళ్లిపోయింది.

మా ఆయన తలుపు దగ్గరకి వచ్చి నిలబడ్డారు. లోపలికి రాలేదు. బయట ప్రార్థన నడుస్తోంది కాబట్టి గొంతు తగ్గించారు. కోపంగా లేరు, దెబ్బ తగిలినట్టున్నారు. పెళ్లిచూపుల రోజు మేడ మీద ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆ మొహంలో ఇలాంటి అయోమయమే ఉంది, అప్పుడది నాకు ముద్దొచ్చింది.

"నాకు ముందే చెప్పాల్సింది జెస్సీ."

"అవునండీ," అన్నాను. "విజయవాడలోనే చెప్పాల్సింది."